పేలిన తార బూడిదలో ఏముంది? పరారుణ వర్ణపటం చెప్పే సంగతులు

క్లుప్తంగా: తెల్ల మరుగుజ్జు తార పేలినప్పుడు కంటికి కనిపించే వెలుగు ఎక్కువగా పై పొరల సంగతే చెబుతుంది. లోపల ఏం కాలింది, ఎంత ఒత్తిడిలో కాలింది అనే ఆనవాళ్లు కంటికి కనిపించని పరారుణ కాంతిలో దొరుకుతాయి. వాటిలో నిలకడైన నికెల్ వర్ణపటంలో వేసే గీతలు కీలకం. ఆ గీతల్లో ఒకటి సరిగ్గా మన గాలిలోని నీటి ఆవిరి చాటున పడుతుంది. లద్దాఖ్‌లోని హాన్లే లాంటి ఎండు కొండల మీదికీ, అంతరిక్షంలోకీ టెలిస్కోపులు వెళ్లడానికి అదొక కారణం.

ఎనభై ఏళ్లకోసారి పేలే తార

ఎండాకాలం డాబా మీద చాప పరుచుకుని పడుకునే అలవాటు నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఇంకా పోలేదు. మే నెలలో రాత్రి పది గంటలకు పైకి చూస్తే దాదాపు నడినెత్తిన నారింజ రంగులో మెరిసేది స్వాతి. అక్కడి నుంచి ఈశాన్యంలో పైకి వస్తున్న అభిజిత్ వైపు చూపు జరిపితే, దారిలో విరిగిన గాజు ముక్కలా వంపు తిరిగిన చిన్న చుక్కల వరుస ఉంటుంది. అదే ఉత్తర కిరీటం. 2024 నుంచి వార్తల్లో నలుగుతున్న టీ కరోనా బోరియాలిస్ అనే తార ఆ వంపు అంచునే ఉంది. మామూలుగా అది కంటికి ఆనదు. 1866 మేలోనూ, 1946 ఫిబ్రవరిలోనూ ఒక్కసారిగా వెలిగి, కొద్ది రోజులు కంటికి కనిపించి, మళ్లీ మసకబారింది. రెండు పేలుళ్లకు మధ్య దాదాపు 80 ఏళ్లు.

ఈ వార్త ఫోన్లలో తిరిగిన కొద్దీ రెండు అనుమానాలు పెరిగాయి. పేలిన నక్షత్రం అంతటితో పోవాలి కదా, మళ్లీ మళ్లీ ఎలా పేలుతుంది అన్నది మొదటిది. విశ్వం వేగంగా విస్తరిస్తోందని తేల్చిన 'తెల్ల మరుగుజ్జుల పేలుళ్లు' ఇవేనా అన్నది రెండోది. పేలేది రెండు చోట్లా తెల్ల మరుగుజ్జే. పేలే తీరు మాత్రం వేరు.

పాలు పొంగడం వేరు, కుక్కర్ పేలడం వేరు

సూర్యుడి లాంటి నక్షత్రం ఇంధనం అయిపోయాక మిగిలే గట్టి పిండమే తెల్ల మరుగుజ్జు. సైజు భూమి అంత, బరువు సుమారు సూర్యుడంత. అందులోని చెంచాడు పదార్థం ఇక్కడ తూస్తే ఒక చిన్న లారీ లోడు తూగుతుంది. లోపల ఎక్కువగా కార్బన్, ఆక్సిజన్. ఒంటరిగా ఉంటే కోట్ల ఏళ్ల పాటు చల్లారుతూ ఉండడమే దాని పని. పక్కన జోడీ నక్షత్రం ఉంటేనే గొడవ మొదలవుతుంది.

జోడీ నుంచి హైడ్రోజన్ వాయువు మరుగుజ్జు మీదికి చేరి పొరలా పేరుకుంటుంది. పొర మందమై, అడుగున వేడి పెరిగి, ఒక దశలో హైడ్రోజన్ అంటుకుంటుంది. పైపొర ఎగిరిపోతుంది, తార మిగులుతుంది. ఇది నోవా. పొయ్యి మీద పాలు పొంగి పోయినా గిన్నె మిగిలినట్టు. మళ్లీ పొర పేరుకుంటుంది, మళ్లీ పొంగుతుంది. ఉత్తర కిరీటంలో జరిగేది ఇదే.

సూపర్‌నోవాలో మంట లోపలి కార్బన్‌కే అంటుకుంటుంది. మామూలు వాయువు వేడెక్కితే వ్యాకోచిస్తుంది, వ్యాకోచిస్తే చల్లబడుతుంది. కుక్కర్‌కు విజిల్ ఉన్నట్టు, సూర్యుడి లాంటి తారకు ఈ వ్యాకోచమే రక్ష. తెల్ల మరుగుజ్జును నిలబెట్టే ఒత్తిడి ఎలక్ట్రాన్ల కిక్కిరిసిన అమరిక నుంచి వస్తుంది. ఉష్ణోగ్రతతో దానికి దాదాపు సంబంధం లేదు. అంటే ఈ కుక్కర్‌కు విజిల్ లేదు. వేడి పెరుగుతుంది, మంట ఇంకా జోరందుకుంటుంది, ఒకటి రెండు సెకన్లలో తార మొత్తం కాలి సెకనుకు దాదాపు 10,000 కిలోమీటర్ల వేగంతో చెల్లాచెదురవుతుంది. ఈ రకాన్ని 'టైప్ వన్ ఏ' అంటారు. కొన్ని వందల కోట్ల సూర్యుళ్లంత వెలుగు వస్తుంది. మిగిలేది బూడిద.

తెల్ల మరుగుజ్జు ఎంత బరువు దాకా నిలబడగలదో 1930లో ఇంగ్లండుకు ఓడలో వెళ్తూ సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ లెక్క మొదలుపెట్టారు. ఆ హద్దు సూర్యుడి బరువుకు సుమారు 1.4 రెట్లు. 1983లో ఆయనకు నోబెల్ వచ్చింది. పాఠ్యపుస్తకాల్లో 'హద్దు చేరగానే పేలుతుంది' అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. అసలు చిక్కు ఆ వాక్యంలోనే ఉంది.

కొలబద్ద అయింది, గుట్టు తేలలేదు

ఈ సూపర్‌నోవాల వెలుగు దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి, ఎంత మసగ్గా కనిపిస్తే అంత దూరంలో ఉన్నట్టు. దీని మీదే 1998లో విశ్వ విస్తరణ వేగం పెరుగుతోందని తేలింది, 2011లో ఆ పనికి నోబెల్ వచ్చింది. 2025 మార్చిలో గెలాక్సీల పటం గీసే డెసీ సర్వే ఫలితాలు వచ్చినప్పుడు, డార్క్ ఎనర్జీ (ఆ వేగాన్ని పెంచుతోందనుకునే శక్తి) కాలంతో మారుతుండవచ్చన్న సూచన ఎంత బలంగా ఉందన్నది, ఏ సూపర్‌నోవా జాబితాను కలిపి లెక్క వేశారన్న దాని మీద కొంత ఆధారపడింది.

అంత నమ్మకంగా వాడుతున్న కొలబద్ద దేనితో చేసిందో మాత్రం ఇంకా గట్టిగా తెలియదు. మూడు దారులు చెబుతారు. మామూలు జోడీ నుంచి వాయువు లాగి హద్దు దగ్గరికి చేరి పేలడం ఒకటి. రెండు తెల్ల మరుగుజ్జులు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ ఢీకొనడం రెండోది. హద్దుకు చాలా ముందే, పైన పేరుకున్న హీలియం పొర పేలి, ఆ దెబ్బకు లోపలి కార్బన్ పేలడం మూడోది. మూడింటి వెలుగూ దూరం నుంచి చూస్తే ఇంచుమించు ఒకటే. గడ్డివాము కాలిపోయాక ఊరవతల నుంచి పొగ చూసి నిప్పు ఎలా అంటుకుందో చెప్పలేరు. దగ్గరికెళ్లి బూడిద కెలకాలి.

గుంటూరు నుంచి చూసిన గీతలు

కోట్ల కాంతి సంవత్సరాల అవతలి బూడిదను కెలికే సాధనం వర్ణపటం. అట్టపెట్టెకు ఒక పక్క సన్నని చీలిక చేసి, లోపల పాత సీడీ ముక్క అతికించి, పిల్లలు స్కూల్లో చేసే వర్ణపట దర్శినిదీ ఇదే సూత్రం. దాన్ని పాత ఫిలమెంటు బల్బు వైపు తిప్పితే రంగులు తెగకుండా కనిపిస్తాయి. ట్యూబ్‌లైటు వైపు తిప్పితే మధ్యలో కొన్ని ప్రకాశమైన గీతలు తేలతాయి. అవి పాదరసం గీతలు. ప్రతి మూలకానికీ తనవైన గీతలుంటాయి.

ఈ విద్యలో కృష్ణా నదికి అవతలి ఒడ్డుకు గట్టి చరిత్రే ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ గుంటూరులో ఉండి సూర్యుడి అంచు జ్వాలల వర్ణపటాన్ని చూశారు. అదే ఏడాది ఆ జ్వాలల్లోని ఒక పసుపు గీతను ఇంగ్లండులో నార్మన్ లాకియర్ కూడా పట్టారు. భూమి మీద తెలిసిన ఏ మూలకానికీ అది సరిపోలేదు. దానికి పెట్టిన పేరే హీలియం.

గీత ఎక్కడుందో చూస్తే మూలకం పేరు తెలుస్తుంది. గీత ఎంత వెడల్పుగా ఉందో చూస్తే ఆ పదార్థం ఎంత వేగంగా ఎగురుతోందో తెలుస్తుంది. మన వైపు వచ్చే భాగం గీతను ఒక పక్కకు, అవతలికి పోయే భాగం ఇంకో పక్కకు జరుపుతాయి. సూపర్‌నోవాలో వేగం మరీ ఎక్కువ కావడంతో గీతలు బాగా వెడల్పై ఒకదాని మీద ఒకటి పడతాయి. ఇనుము, కోబాల్ట్, నికెల్‌లకు దృశ్యకాంతిలో వేలాది గీతలున్నాయి. అవన్నీ కలిసిపోయి తెర దించినట్టవుతుంది, తెర వెనక ఉన్నది బయటికి రాదు.

కర్రు ఎరుపు ఆరాక తగిలే వేడి

కమ్మరి కొలిమిలోంచి తీసిన నాగలి కర్రు మొదట పసుపుగా, తర్వాత ఎర్రగా మెరిసి, కాసేపటికి నల్లబడుతుంది. నల్లబడ్డాక కూడా దాని పక్కన జానెడు దూరంలో అరచేయి పెడితే వేడి తగులుతుంది. కంటికి కనిపించకుండా వచ్చే ఆ కాంతే పరారుణం. 1800లో విలియం హెర్షెల్ పట్టకంతో విడదీసిన రంగుల్లో ఎరుపు దాటాక థర్మామీటరు పెట్టి దీన్ని పట్టుకున్నారు. కరోనా రోజుల్లో నుదుటికి గురిపెట్టిన థర్మామీటరు గన్ను చదివిందీ ఇదే. టీవీ రిమోట్ కొసన ఉండే బుడ్డి దీపం కూడా పరారుణమే. బటన్ నొక్కి ఫోన్ కెమెరాలోంచి చూస్తే చాలా ఫోన్లలో అది ఊదాగా మిణుకుమంటుంది.

సూపర్‌నోవాలకు ఈ కాంతి రెండు విధాలుగా పనికొస్తుంది. ఒకటి దుమ్ము సంగతి. ఎండాకాలం సాయంత్రం దుమ్ము కమ్మిన పడమటి దిక్కున సూర్యుడు ఎర్రబడినట్టే, గెలాక్సీల్లోని ధూళి నీలి కాంతిని ఎక్కువ, ఎరుపును తక్కువ ఆపుతుంది. పరారుణాన్ని ఇంకా తక్కువ ఆపుతుంది. 2014 జనవరి 21న లండన్‌లో స్టీవ్ ఫోసీ అనే అధ్యాపకుడు విద్యార్థులకు టెలిస్కోపు వాడటం నేర్పిస్తుండగా ఎం82 గెలాక్సీలో కొత్త చుక్క కనిపించింది. ఎస్ఎన్ 2014జే అని పేరు పెట్టిన ఆ సూపర్‌నోవా 1.15 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, ఈ లెక్కల్లో అది పక్క వీధే. కానీ దాని ముందు దట్టమైన ధూళి. దృశ్యకాంతిలో దాదాపు ఆరో వంతే మనకు చేరింది. 2.2 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం ఉన్న పరారుణంలో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మాత్రం ఎక్కువ భాగం చెక్కుచెదరకుండా వచ్చింది.

రెండోది ఇంకా ముఖ్యం. పరారుణంలో గీతల రద్దీ తక్కువ. ఒక్కో గీత విడిగా నిలబడుతుంది, తెరలో సందులు దొరుకుతాయి, చూపు లోపలి పొరల దాకా పోతుంది. పత్తి బేలు పైపొర చూసి ధర కట్టడానికీ, లోపలికి చేయి పెట్టి దూది తీసి చూడడానికీ ఉన్న తేడా ఇది.

రోజులు గడిచేకొద్దీ

పేలిన తొలి రోజుల్లో చూడాల్సిన చోటు 1.07 మైక్రాన్ల చుట్టుపక్కల. కాలకుండా మిగిలిన కార్బన్ ఉంటే దాని గీత 1.069 దగ్గర పడుతుంది. మెగ్నీషియం 1.093 దగ్గర, హీలియం 1.083 దగ్గర. అంటే గుంటూరు గ్రహణంలో బయటపడిన మూలకం ఇక్కడా హాజరే, కాకపోతే వేరే గీతతో. హీలియం పొర పేలి లోపలిది అంటుకుందనే మూడో దారికి ఈ గీత సాక్షి కాగలదు. మూడు గీతలూ ఒకే ఇరుకులో పడటంతో ఏది దేనిదో తేల్చడం మాత్రం తలనొప్పి వ్యవహారం.

వెలుగు పతాకస్థాయికి రావడానికి మూడు వారాల లోపే పడుతుంది. అది దాటిన కొద్ది రోజులకు 1.5 మైక్రాన్ల దగ్గర వర్ణపటం హఠాత్తుగా మెట్టు ఎక్కినట్టు లేస్తుంది. పై పొరలు పలచబడి ఇనుము, కోబాల్ట్, నికెల్ నిండిన లోపలి భాగం బయటపడటమే దీనికి కారణం. ఆ మెట్టు అంచు ఎంత జరిగిందో కొలిస్తే, లోపలి నికెల్ ఎంత దూరం దాకా విస్తరించిందో తెలుస్తుంది.

తర్వాత ఒక వింత జరుగుతుంది. దృశ్యకాంతిలో వెలుగు తగ్గుతూ పోతుంటే, పరారుణంలో మూడు నాలుగు వారాలకు మళ్లీ పెరుగుతుంది. ఈ రెండో పొంగును 1980ల ఆరంభంలోనే గమనించారు. కారణాన్ని 2006లో డేనియల్ కేసెన్ వివరంగా లెక్కగట్టారు. రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని ఉన్న ఇనుము, సుమారు 7,000 డిగ్రీలకు చల్లబడేసరికి ఒక ఎలక్ట్రాన్‌ను తిరిగి పట్టుకుంటుంది. ఆ స్థితిలోని ఇనుము నీలి కాంతిని మింగి పరారుణంగా వెళ్లగక్కడంలో దిట్ట. నికెల్ ఎక్కువ తయారైతే తార ఎక్కువ రోజులు వేడిగా ఉంటుంది, రెండో పొంగు ఆలస్యమవుతుంది. పొంగు వచ్చిన తేదీని బట్టి లోపలి నికెల్ బరువును అంచనా వేయొచ్చన్నమాట.

మొగులు లేకున్నా అడ్డం పడే నీళ్లు

ఇంత ఉపయోగం ఉన్నప్పుడు అన్ని టెలిస్కోపులూ పరారుణంలోనే ఎందుకు చూడవు? అడ్డు మన నెత్తి మీదే ఉంది. ఆకాశంలో మొగులు ఒక్కటీ లేకున్నా గాలిలో నీటి ఆవిరి ఉంటుంది. 1.4, 1.9 మైక్రాన్ల చుట్టూ వచ్చే కాంతిని అది దాదాపుగా మింగేస్తుంది. నెత్తిన ఉన్న ఆవిరంతా నీరై నేల మీద నిలిస్తే ఎంత లోతు వస్తుందన్నది దీనికి కొలత. వానాకాలంలో దక్కన్ పీఠభూమి మీద అది 40, 50 మిల్లీమీటర్ల దాకా పోతుంది. లద్దాఖ్‌లో 4,500 మీటర్ల ఎత్తున ఉన్న హాన్లేలో చలికాలం రాత్రుల్లో 2 మిల్లీమీటర్ల లోపే.

పోలికకు దక్షిణ తెలంగాణకు అంత దూరం కాని ఉదాహరణే ఉంది. హైదరాబాద్‌కు ఆగ్నేయంగా, ఇబ్రహీంపట్నం దాటాక జపాల్-రంగాపూర్ దగ్గర ఉస్మానియా విశ్వవిద్యాలయం 1960ల చివర్లో 48 అంగుళాల టెలిస్కోపు నెలకొల్పింది. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచి పరిశీలించారు. 48 అంగుళాలంటే 1.2 మీటర్లు. రాజస్థాన్‌లోని మౌంట్ అబూలో, గురుశిఖర్ మీద ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ పరారుణ టెలిస్కోపు అద్దం కూడా 1.2 మీటర్లే. అద్దం అంతే, కానీ అబూ 1,680 మీటర్ల ఎత్తున ఎండు గాలిలో ఉంది. పైగా అక్కడి పరికరం పరారుణం కోసమే తయారైంది. వానాకాలంలో అదీ మూతపడక తప్పదు. హాన్లేలోని 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపును బెంగళూరు దగ్గరి హోసకోటె నుంచి నడుపుతారు. దానికి 2013 నుంచి టిర్‌స్పెక్ అనే పరారుణ వర్ణపట యంత్రం కూడా ఉంది.

పరికరం సంగతీ చెప్పాలి. ఫోన్ కెమెరాలోని సిలికాన్ 1.1 మైక్రాన్లు దాటితే గుడ్డిది. అందుకని పాదరసం, కాడ్మియం, టెల్యూరియం కలిపిన వేరే పదార్థం వాడతారు. అది తన సొంత వేడికే కళ్లు బైర్లు కమ్మే రకం కాబట్టి ద్రవ నైట్రోజన్‌తో మైనస్ 196 డిగ్రీల దగ్గరికి చల్లబరుస్తారు. ఊళ్లలో పశువులకు ఎద ఇంజక్షన్లు వేసే గోపాలమిత్రలు మూత తీయగానే పొగలు కక్కే డబ్బా మోసుకొస్తారు కదా, అందులో ఉండేదీ ఇదే ద్రవ నైట్రోజన్.

తరంగదైర్ఘ్యం ఇంకా పెరిగి 7, 9, 12 మైక్రాన్లకు వచ్చేసరికి నేల మీద పని దాదాపు అసాధ్యం. మనిషి ఒంటి వేడి ఎక్కువగా వెలువడేది 9 మైక్రాన్ల చుట్టూనే. గాలి, గోడ, టెలిస్కోపు అద్దం, అన్నీ ఆ కాంతిలో వెలుగుతుంటాయి. అక్కడ సూపర్‌నోవాను వెతకడం పట్టపగలు చుక్కలు లెక్కపెట్టడమే. 2021 డిసెంబరు 25న ఎగిరి, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో గడ్డకట్టే చలిలో ఉన్న జేమ్స్ వెబ్ టెలిస్కోపుకు ఆ బాధ లేదు.

ఒకే పేరు, రెండు నికెళ్లు

బూడిదలో అసలు సాక్ష్యం నికెల్. పేలుడులో ఎక్కువగా తయారయ్యేది నికెల్-56. అందులో 28 ప్రోటాన్లు, 28 న్యూట్రాన్లు. అది నిలకడలేనిది. 6 రోజుల అర్ధాయువుతో (ఉన్నదాంట్లో సగం మారడానికి పట్టే కాలం) కోబాల్ట్-56గా, అది 77 రోజుల అర్ధాయువుతో ఇనుము-56గా మారుతుంది. సూపర్‌నోవా నెలల తరబడి వెలిగేది ఈ మార్పుల్లో పుట్టే శక్తితోనే. మామూలు టైప్ వన్ ఏలో సూర్యుడి బరువులో సుమారు 0.6 వంతు నికెల్-56 పుడుతుంది. నాగలి కర్రులోని ఇనుములోనూ ఇలాంటి పేలుళ్ల వాటా పెద్దదే.

రెండోది నికెల్-58. రెండు న్యూట్రాన్లు ఎక్కువ, ఎన్నేళ్లయినా మారదు. ఇది బాగా తయారు కావాలంటే ప్రోటాన్లు ఎలక్ట్రాన్లను మింగి న్యూట్రాన్లుగా మారాలి. అందుకు తార నడిమధ్యన విపరీతమైన సాంద్రత ఉండాలి. చంద్రశేఖర్ హద్దు దగ్గరికి చేరిన బరువైన మరుగుజ్జులోనే అంత సాంద్రత సాధ్యం. హద్దుకు చాలా ముందే పేలిన తేలికపాటి మరుగుజ్జులో ఇది తక్కువగా ఉండాలి. అంటే నికెల్-58 ఎంతుందో కొలిస్తే, పేలిన తార బరువెంతో వెనక్కి లెక్క కట్టొచ్చు.

ఆరేడు నెలలు గడిచి నికెల్-56 అంతా కరిగిపోయాక కూడా నికెల్ గీత కనిపిస్తే, అది 58వదే అయ్యుండాలి. దృశ్యకాంతిలో ఆ గీత ఇనుము, కాల్షియం గీతలతో కలిసిపోతుంది. పరారుణంలో ఒక మంచి గీత 1.939 మైక్రాన్ల దగ్గరుంది. సరిగ్గా నీటి ఆవిరి మింగే 1.9 పట్టీలో! దశాబ్దాల పాటు ఈ ప్రశ్న తేలకపోవడంలో మన గాలి పాత్ర తక్కువేం కాదు.

వెబ్ ఈ అడ్డు తొలగించింది. ఎన్‌జీసీ 1566 గెలాక్సీలో పేలిన ఎస్ఎన్ 2021ఏఈఎఫ్ఎక్స్‌ను, వెలుగు పతాకస్థాయి దాటిన 255 రోజులకు అది చూసింది. 11.89 మైక్రాన్ల దగ్గర కోబాల్ట్ గీత స్పష్టంగా ఉంది. అప్పటికి కోబాల్ట్ మూడు అర్ధాయువులు దాటి దాదాపు పదో వంతుకు పడిపోయి ఉంటుంది, తర్వాతి పరిశీలనల్లో గీత ఆ లెక్క ప్రకారమే తగ్గుతూ వచ్చింది. 6.64, 7.35 మైక్రాన్ల దగ్గర నికెల్ గీతలు దొరికాయి. 8.99 దగ్గరి ఆర్గాన్ గీత ఆకారం మరో సంగతి చెప్పింది. గీత నెత్తి కూచిగా కాకుండా వెడల్పుగా, కాస్త ఒక పక్కకు వాలి ఉంది. నిండు గోళం అలాంటి గీత ఇవ్వదు, మధ్యలో డొల్లగా ఉన్న చిప్ప ఇస్తుంది. నడుమ నికెల్, ఇనుము, వాటి చుట్టూ ఆర్గాన్ చిప్ప. పులుసు కలిపినట్టు అన్నీ కలిసిపోలేదు, పొరలు పొరలుగానే ఉన్నాయి.

ఈ ఆధారాలను హద్దుకు దగ్గరి బరువుతో, మధ్య నుంచి కాస్త పక్కకు జరిగి పేలిన తారగా కొందరు పరిశోధకులు చదివారు. దీన్ని తుది తీర్పుగా తీసుకోవడం తొందరపాటే అవుతుంది. పుట్టినప్పుడే భారమైన మూలకాలు ఎక్కువగా ఉన్న మరుగుజ్జులో న్యూట్రాన్లు ముందే కొంత ఎక్కువుంటాయి. అలాంటిది హద్దుకు ముందు పేలినా కొంత నికెల్-58 రాగలదు. నికెల్ ఉందా లేదా అన్నంత మాత్రాన సరిపోదు. ఎంతుంది, బూడిద నడిమధ్యన ఉందా చెదిరి ఉందా అన్నదే తేల్చాలి.

జోడీ ఎవరు?

పక్కన మామూలు నక్షత్రమే ఉండి ఉంటే, పేలుడు దెబ్బకు దాని పైపొర హైడ్రోజన్ కొంత ఊడి బూడిదలో కలవాలి. అప్పుడు 1.282 మైక్రాన్ల దగ్గర పాషెన్-బీటా అనే గీత కనిపించాలి. ఎస్ఎన్ 2014జేలో మౌంట్ అబూ సహా పలు చోట్ల తీసిన పరారుణ వర్ణపటాల్లో ఈ గీత కోసం వెతికారు. కనిపించలేదు. లేకపోవడం కూడా ఒక ఆధారమే, మామూలు జోడీ దారిని ఆ మేరకు అది ఇరుకు చేసింది.

రెండు మరుగుజ్జులు ఢీకొంటే గుర్తు వేరుగా ఉంటుంది. ఎస్ఎన్ 2022పీయూఎల్ వర్ణపటంలో 12.81 మైక్రాన్ల దగ్గర వెబ్‌కు బలమైన నియాన్ గీత దొరికింది. మామూలు టైప్ వన్ ఏలో నడిమధ్య అంతా ఇనుము జాతి దాకా కాలిపోతుంది, నియాన్ నిలవదు. ఢీకొన్న జంటలో రెండో తార కాస్త ఆలస్యంగా, తక్కువ సాంద్రతలో, సగం సగంగా కాలితే నియాన్ మిగిలే వీలుంది.

మళ్లీ ఉత్తర కిరీటం వైపు

ఉత్తర కిరీటపు తార సుమారు 3,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, దాని నోవాతో భూమికి ప్రమాదమేమీ లేదు. శాస్త్రవేత్తలకు దాని మీద ఆసక్తి వేరే కారణంతో. అందులోని మరుగుజ్జు బరువు చంద్రశేఖర్ హద్దుకు దగ్గర్లో ఉంది. జోడీ ఒక ఎర్రటి మహాతార. ప్రతి పొంగులో పోగొట్టుకునే దానికంటే మధ్యకాలంలో కూడబెట్టుకునేది ఎక్కువైతే, ఎప్పటికో అది సూపర్‌నోవా కాగలదు. అప్పులు తీర్చాక చేతిలో ఏమైనా మిగులుతోందా అని చూసే రైతు లెక్కే ఇది.

ఆ లెక్కకు నమూనా ఇప్పటికే ఉంది. ఇలాంటి జంటే అయిన ఆర్ఎస్ ఓఫియూకీ 2006 ఫిబ్రవరి 12న పేలినప్పుడు మౌంట్ అబూ 1.2 మీటర్ల టెలిస్కోపు వరసగా పరారుణ వర్ణపటాలు తీసింది. మొదట వెడల్పుగా ఉన్న పాషెన్-బీటా, ఆక్సిజన్ గీతలు రోజురోజుకూ సన్నబడ్డాయి. పేలుడు తోసిన పదార్థం ఎర్రతార చుట్టూ కమ్ముకున్న వాయువులోకి దూసుకెళ్లి, దుక్కి నేలలో పడ్డ బండి చక్రంలా వేగం కోల్పోవడం అలా కళ్లకు కట్టింది. ఆ వేగం తగ్గే తీరును బట్టి ఎంత పదార్థం బయటపడిందో అంచనా కట్టొచ్చు.

టీ కరోనా బోరియాలిస్ పొంగు మే నెలలో వస్తే నల్లగొండ డాబాల మీదికి స్వాతి పక్కనే కనిపిస్తుంది. మృగశిర కార్తె ప్రవేశించాక వస్తే మొగులు సందుల్లోంచి వెతుక్కోవాలి. అబూలోనూ అది వానల మూసివేత కాలమే. కంటికి కొద్ది రోజులే కనిపించినా పరారుణ యంత్రాలకు నెలల తరబడి పని ఉంటుంది, ఆ జాబితాలో 12.81 మైక్రాన్ల నియాన్ గీత తప్పక ఉండాలి. 1984 నాటి క్యూయూ వల్పెక్యులా నోవాలో ఈ గీతే బలంగా కనిపించి, అక్కడ పేలింది కార్బన్ మరుగుజ్జు కాదు, ఆక్సిజన్-నియాన్ మరుగుజ్జు అని సూచించింది. ఆ రకం మరుగుజ్జు హద్దు చేరితే టైప్ వన్ ఏగా పేలడం కంటే లోపలికే కుప్పకూలి న్యూట్రాన్ తార కావడానికే అవకాశం ఎక్కువ.